మా యింటి ముచ్చట: బూజు కాదమ్మా, తీగె!



సంక్రాంతికి ముందు ఇల్లు దులుపుట మనకందఱకు అలవాటేగదా. ఈ యేడు ఆ సందడిలో నేనొక యపరాధము చేసితిని. పండ్రెండేండ్ల మా పెద్దవాడు వేసవి సెలవులలో నెల దినములు శ్రమపడి చేసిన విమానపు బొమ్మ వాని పుస్తకముల బీరువాపై నుండెను. దాని రెండు వరుసల ఱెక్కల నడుమ సన్నని పోగులు మెఱయుచుండెను. సాలెపురుగు గూడు పెట్టినదని తలచి గుడ్డకొనతో ఒక్క తుడుపు తుడిచితిని. వాడు బడినుండి వచ్చి చూచి, "అది బూజు కాదమ్మా, తీగె" అని మాత్రము పలికి, అన్నమునకైన రాక పండుకొనెను. కోపగించినను బాగుండెడిది. ఆ మౌనమే నన్ను మిక్కిలి బాధించెను.

"బొమ్మకు తీగెలెందుకండీ? అలంకారమునకేనా?" అని ఆ రాత్రి మా వారి నడిగితిని. వారు బడిపంతులుగదా, పలకా బలపము తెచ్చి బొమ్మగీచి చెప్పిరి. అది "టైగర్ మాత్" అను విమానమునకు ప్రతిరూపమట. ఇంగ్లండునందు డి హావిలండ్ సంస్థవారు నిర్మింపగా 1931 అక్టోబరులో మొదటిసారి ఎగిరినది. రెండవ ప్రపంచ సంగ్రామకాలమున మన హైదరాబాదు బేగంపేటలోని శిక్షణ పాఠశాలలో ఎందఱో యువకులు దీనిపైననే విమానము నడుప నేర్చిరి.

దాని ఱెక్కలు కొయ్య చట్రమునకు గుడ్డ చుట్టినవి. తేలికయైనవి, కాని తమంత తాము నిలువజాలవు. కావున పై ఱెక్కకును క్రింది ఱెక్కకును నడుమ నిలువు కఱ్ఱలు నిలిపి, ఏటవాలుగా ఉక్కుతీగెలు బిగింతురు. పెండ్లిపందిరి గుంజలను లాగి కట్టిన త్రాళ్లవంటివే ఇవి. గాలిలో ఎగురునపుడు ఱెక్కలు పైకి వంగజూచును. అపుడు విమానపు క్రిందిభాగమునుండి పై ఱెక్కకు పోవు తీగెలు బిగిసి వానిని పట్టియుంచును. నేలపై నిలిచినపుడు ఱెక్కలు తమ బరువుచే వ్రాలజూచును; అపుడు పైనుండి క్రింది ఱెక్కకు వచ్చు తీగెలు భారము మోయును. వంతెనల నిర్మాణమందలి ఈ ఉపాయమును ఆక్టేవ్ చాన్యూట్ అను ఇంజనీరు 1896లో తన గ్లైడరునకు తెచ్చెను. 1903లో ఎగిరిన రైట్ సోదరుల విమానమును ఇట్టి తీగెలతోనే నిలిచినది. నేను బూజని తుడిచినది విమానమునకు నరములవంటిది!

మఱునాడు కుట్టుదారపు ఉండ పట్టుకొని వాని యొద్దకు పోయితిని. వాడు దారమును చూచి, లెక్క వేసి చూపెను. ఆ బొమ్మ అసలు విమానములో 72వ వంతు. అసలు ఱెక్కల వెడల్పు కొసనుండి కొసకు ఇంచుమించు తొమ్మిది మీటర్లు. బొమ్మలో పండ్రెండున్నర సెంటీమీటర్లు. కుట్టుదారపు మందము సుమారు 0.2 మిల్లీమీటరు. దానిని 72తో గుణించిన 14 మిల్లీమీటర్లు దాటును. అనగా విమానమునకు బావి చేదత్రాళ్లు కట్టినట్లగును! తల వెండ్రుకంత సన్నని పోగు కావలయును.

అట్టి పోగును ఇంటనే చేయవచ్చును. బొమ్మభాగములు అంటివచ్చు ప్లాస్టిక్ కాడలను పాఱవేయకుడు. ఒక కాడను రెండు చేతుల పట్టి, కొవ్వొత్తి మంటకు పైని, మంట తగులకుండ, త్రిప్పుచుండుడు. నడుమ మెత్తబడగానే ప్రక్కకు తీసి, ఒక్క క్షణమాగి, సమముగా లాగుడు. తీగపాకము సాగినట్లు సాగును. మెల్లగా లాగిన లావుగను, వడిగా లాగిన సన్నముగను వచ్చును. పైటచెఱగు దోపుకొనుట, కిటికీ తెఱచియుంచుట, పసిపిల్లలను దూరముగా నుంచుట మఱవకుడు.

రంగులు వేయుట ముగిసిన పిదపనే తీగెలు పెట్టవలయును. పిల్లల జామెట్రీ పెట్టెలోని విభాగినితో రెండు కొసల దూరము కొలిచి, పోగును సరిగా అంతే కత్తిరింపవలయును. సూదిమొనతో ఫెవికాల్ చుక్కలో చుక్క అంటించి, సన్నని పట్టకారుతో పోగును నిలుపవలయును. లోపలి తీగెలు ముందు, వెలుపలివి తరువాత. ఆరిన పిమ్మట పోగు వదులైనచో, వెలుగుచున్న అగరువత్తి కొనను తాకకుండ దగ్గఱకు తెచ్చిన అది ముడుచుకొని బిగియును. మఱి దగ్గఱైన తెగును. నేను మూడు తెంపితిని.

మొదటి రోజు సాయంకాలమునకు ఒక ప్రక్క తీగెలు పెట్టి, గర్వముగా వానికి చూపితిని. వాడు నిదానించి చూచి, పక్కున నవ్వెను. "అమ్మా, నీ విమానం నేలమీద చక్కగా నిలబడుతుందే గాని ఎగరదు!" నిజమే. పైనుండి క్రిందికి వచ్చునవన్నియు పెట్టి, క్రిందినుండి పైకి పోవునవి మఱచితిని. నాలుగు దినముల తరువాత వాడు నవ్వుట అదే మొదలు. అపుడే, "తప్పు నాదే నాయనా, అడగకుండా తుడిచాను" అంటిని. వాడు బదులు పలుకక పట్టకారు తన చేతికి తీసికొని నా ప్రక్కన కూర్చుండెను. మిగిలినవి ఇద్దఱము కలిసి ముగించితిమి.

ఇపుడా బొమ్మపై దుమ్మును గుడ్డతో గాక మెత్తని కుంచెతో వాడే తుడుచుకొనును. సోదరీమణులారా, పిల్లల బల్లపై మనకు తెలియని దేదైన కనబడినచో, గుడ్డ యెత్తకముందు ఒక్కమాట వారి నడుగుడు.