తీపి మానినంత మాత్రాన కంతి మాడదు

మెదడులో కంతి ఉన్నదని తెలియగానే రోగి చేత తీపినీ, ఒక్కొక్కచోట అన్నాన్నీ మాన్పించి, కంతి ఆకలితో చస్తుందని ఎదురుచూచేవారున్నారు. పత్తికొండలో మా వద్దకు వచ్చేవారిలోనూ ఈ నమ్మకం కానవస్తున్నది.

ఈ మాటకు మూలం లేకపోలేదు. ప్రాణవాయువు అందుతున్నా క్యాన్సర్ కణాలు గ్లూకోజును విపరీతంగా వాడి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయని 1920లలో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆటో వార్‌బర్గ్ గుర్తించాడు. కణానికి శక్తినందించే ఏటీపీని 1929లో వెల్లడించినవారిలో మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారొకరు. కంతి కణం గ్లూకోజు నుండి శక్తినే గాక, కొత్త కణాల నిర్మాణానికి ముడిసరుకునూ గ్రహిస్తుంది.

అయితే శరీరపు బరువులో నూటికి 2 వంతులైన మెదడు, విశ్రాంతివేళ శరీరం వాడే శక్తిలో సుమారు 20 వంతులు వాడుకుంటుంది. దానికి ముఖ్యమైన ఇంధనం గ్లూకోజే. మనం తినకున్నా, కండలను కరగించియైనా కాలేయం దానిని తయారుచేస్తుంది. పైగా గ్లయోబ్లాస్టోమా వంటి కంతుల కణాలు గ్లూటమిన్‌ను, కొవ్వులను కూడా వాడుకోగలవు. ఉపవాసంతో చిక్కిపోయేది రోగియే.

మెదడు వాపు తగ్గుటకు ఇచ్చే డెక్సామెథసోన్ రక్తంలో చక్కెరను పెంచుతుంది. కనుక పరీక్ష చేయించుకొనుట, తీపిలో మితం పాటించుట అవసరం. కొర్రన్నం, పప్పు, మజ్జిగ మంచి ఆహారమే. కంతికి మందు కాదు. రోగి బలాన్ని కాపాడుటే ఆయుర్వేద మార్గం. శస్త్రచికిత్సను, రేడియేషన్‌ను మాన్పించే సలహాను ఆయుర్వేదం పేరున ఎవరిచ్చినా వినవద్దు.