బెజవాడ కొండలు

గుంటూరు, ఒంగోలు సీమలవారికి బెజవాడ క్రొత్త యూరు గాదు. అమ్మవారి దర్శనమునకు పోదురు. రైలెక్కుటకు పోదురు. బట్టలకు, బంగారమునకు, యంత్రములకు, వైద్యమునకు పోదురు. పని తీరగనే తిరుగుదారి పట్టుదురు. ఆ నగరమును ఒక కొండమీద నిలిచి ఒక్కమారైనను తేరిపార జూచినవారు మనలో నెందరు? నల్లరేగడి మైదానమున పుట్టి పెరిగిన మనకు కొండ యనిన మ్రొక్కు చెల్లించు తావు. శివరాత్రికి ప్రభలు గట్టుకొని కోటప్పకొండకు పోయెడి జనసందోహములో, పైకెక్కిన పిదప వెనుదిరిగి తన యూరి చేలు ఏ దిక్కున నున్నవో చూచువాడు అరుదు. కొండయెక్కి నేలను చూచుట పనిలేనివారి వినోదమను భావము మనలో పాతుకొని యున్నది. ఆ భావము మంచిది కాదని మేము చెప్పదలచితిమి. కంటికింపు కొరకు మాత్రమే కాదు. ఎవరును చూడని కొండను ఎవరైనను తొలువవచ్చును. ఎవరును ఎక్కని మెట్టు విరిగినను అడుగువారుండరు.

బెజవాడను, నేటి వ్యవహారములో విజయవాడను, కన్నవి కొండలే. కృష్ణ పడమటినుండి వచ్చి యిచ్చట ఇంద్రకీలాద్రికిని, గుంటూరు వైపుననున్న సీతానగరము కొండకును నడుమ ఇరుకున బడి ప్రవహించును. ఆదిలో కొండ అడ్డగింపగా నది బ్రతిమాలుకొని బెజ్జము చేసికొని పోయినదనియు, అందువలననే బెజ్జంవాడ యను పేరు కలిగినదనియు జనులు చెప్పుకొందురు. అర్జునుడు తపస్సు చేసి పాశుపతము బడసిన చోటిదియే యని స్థలపురాణము. కథల మాట యెట్లున్నను, ఆ యిరుకు తావు ఇంజనీర్లకు వరమైనది. 1832–33లో, నందననామ సంవత్సరమున, వచ్చిన కరువులో గుంటూరు జిల్లాయందు సుమారు 5 లక్షల జనములో 2 లక్షలవరకు నశించిరి. తాతముత్తాతలనాటి మాటగా మన యిండ్లలో చెప్పుకొనెడి డొక్కల కరువు అదియే. ఆ చావుల పిదప ఇరువది యేండ్లకుగాని కుంఫిణీవారు కదలలేదు. వారిని కదలించినది కరుణ యొక్కటియే కాదు. శిస్తు వసూలు కాకపోవుట గూడ ఒక కారణము. 1852లో ఆరంభమైన ఆనకట్ట 1855లో ముగిసినది. దానికి వలసిన రాయి ఇరుదరుల కొండలే యిచ్చినవి.

ఆ కట్టకు 1952లో గండిపడెను. దాని కెగువన 1223 మీటర్ల పొడవున, 70 తలుపులతో, క్రొత్త బారేజి 1957లో ఏర్పడినది. ఆ యేటనే కీర్తిశేషులైన టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు దానికి పెట్టిరి. వారు పుట్టిన సీమ వరకు ఈ కట్ట నీరే పోవుచున్నది. కొమ్మమూరు కాలువ గుండ అది పెదగంజాము దాక సాగును. ఒకప్పుడు ఆ దారినే పడవలు బకింగుహాము కాలువలో ప్రవేశించి చెన్నపట్టణము చేరెడివి.

ఈ చరిత్ర నంతయు పుస్తకములో చదువుట వేరు, కొండమీదినుండి ఒక్క చూపున గాంచుట వేరు. కట్ట కెగువను నిండుకుండవంటి నీరు, ఆ నీటి నడుమ పచ్చని భవానీద్వీపము. దిగువను వేసవిలో తెల్లని యిసుక మేటలు. ఎడమగట్టున ఏలూరు, రైవసు, బందరు కాలువలు మూడును ఊరి నడుమనుండియే సాగిపోవును. కుడిగట్టున మన పడమటి డెల్టా కాలువ బయలుదేరును. తెనాలి, రేపల్లె, బాపట్ల మాగాణులకు ప్రాణాధారమైన నీరు ఇంత చిన్న వాకిటినుండి వచ్చుచున్నదా యని చూచిన ప్రతివాడును ఆశ్చర్యపడకమానడు. ‘మిరపయు ప్రత్తియు పండించుకొను మెట్టరైతును, ఈ కట్టతో నాకేమి పని?’ యని యొకరనవచ్చును. అట్టివారి చేలలో పెక్కింటికి నీరు 1967లో జాతికంకితమైన నాగార్జునసాగరము కుడికాలువ నుండి వచ్చుననుట నిజమే. కాని సాగరమున విడిచిన నీరే యిచ్చటికిని చేరవలయును. మెట్టకెంత, మాగాణికెంత యను తగవు ఎద్దడి యేడులలో తప్పక లేచును. ఆ తగవులో గొంతెత్తువారు మాటలాడుటకు ముందొకమారు సీతానగరము కొండయెక్కి వచ్చిన బాగుండునని మా కోరిక.

నగరములోని కొండలలో మొదట చెప్పదగినది గాంధీకొండ. రైలుస్టేషనున కెదురుగా నున్న ఈ కొండకు ఓర్ కొండ యని తొల్లిటి పేరు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిలభారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమై కోటి రూపాయల తిలక్ స్వరాజ్యనిధి, కోటిమంది సభ్యులు, 20 లక్షల రాట్నములు అను కార్యక్రమమును దేశమున కిచ్చినది. పింగళి వెంకయ్యగారు తమ పతాక నమూనాను మహాత్మునకు సమర్పించినదియు ఆ సమయముననే. అట్టి నగరములో మహాత్ముని స్మారకస్తూపమునకు కొండకొమ్మును మించిన తావు దొరకదు. 52 అడుగుల యెత్తుగల ఆ స్తూపమును 1968 అక్టోబరు 6వ తేదీన రాష్ట్రపతి డాక్టరు జాకీర్ హుస్సేనుగారు ఆవిష్కరించిరి. గ్రంథాలయము, తారామండలము, పిల్లల రైలు ఒక్కొక్కటిగా ఏర్పడినవి. పాతబస్తీ పెంకుటిండ్లు, మేడలు, రైలుపట్టాల వల, దాని కావల నదియు నొక్కచోటినుండి కనబడును. రైలుదిగి నాలుగు గంటలు వేచియుండువాడు ప్లాటుఫారముమీద కునుకుటకంటె ఇచ్చటికి వచ్చుట మేలు. అయినను ఆ కొండ యుండుటయే యెరుగక పోవువారు వేలకొలది.

కృష్ణకు మనవైపున ఉండవల్లి గుహలున్నవి. నాలుగంతస్తులుగా కొండను తొలచిన ఈ గుహాలయము విష్ణుకుండినుల కాలపుదని పలువురు పండితుల యభిప్రాయము. లోపల ఏకశిలలో మలచిన అనంతశయనమూర్తి పదునారు అడుగులకు మించిన పొడవున పవళించి యున్నాడు. గుహల పై అరుగులమీద నిలిచిన పచ్చని పొలములు కాళ్లక్రింద పరచినట్లుండును. 2015 అక్టోబరులో అమరావతి రాజధానికి శంకుస్థాపన జరిగిన నాటినుండి ఆ పొలములవైపు చూచెడి చూపే మారిపోయినది. ఎకరము ధర యెంతయను ప్రశ్న ముందు, నేలయెట్లున్నదను ప్రశ్న వెనుక. అది వేరు కథ. పదునైదు వందల యేండ్లు నిలిచిన ఆ గుహల ముందట రేపు ఏ మేడ లేచి నదీదృశ్యమును కప్పివేయునో యను చింత మాత్రము మాకున్నది. మొగలరాజపురము గుహలకు ఇదివరకే అట్టి గతి పట్టినది. ఇండ్ల నడుమ చిక్కుకొని, ఊరివారికే దారి చెప్పుట కష్టమగుచున్నది.

గుణదల కొండమీది మేరీమాత క్షేత్రము 1924లో ఆరంభమైనది. ఫిబ్రవరి ఉత్సవములలో అన్ని మతములవారును శిలువవరకు మెట్లెక్కుదురు. మంగళగిరి చెప్పనక్కరలేదు. పానకాలస్వామికి పానకము పోసి వచ్చువారు, వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు 1807–09లో కట్టించిన 153 అడుగుల గాలిగోపురమును క్రిందినుండి తలయెత్తి చూతురు. కొండ నడుమనుండి దానిని తలవంచి చూచుటలో వేరొక సొంపున్నది.

ఈ కొండలను మేము పొగడుచున్నాము గాని వీనిపై వేలకొలది కుటుంబములు కాపురముండుటను మరువలేదు. పాతబస్తీ, చిట్టినగరు, విద్యాధరపురము, మొగలరాజపురము, మాచవరము, గుణదల కొండవాలులమీద ఇంటిపై ఇల్లుగా గూళ్లు కట్టుకొన్నవారెవరు? నగరమునకు కూలి చేసి, బరువు మోసి, వంటపాత్రలు తోమి బ్రతికెడివారు. క్రింద నేల కొనలేక పైకెక్కిరి. నగరములో నెల్ల గొప్ప దృశ్యము వారి వాకిళ్లముందే యున్నది. నగరములో నెల్ల గొప్ప అపాయమును వారి పెరళ్లలోనే యున్నది. 2020 అక్టోబరు 21వ తేదీన, దసరా ఉత్సవముల నడుమ మూలానక్షత్రమునాడు, ఇంద్రకీలాద్రిపై చరియ విరిగి పడెను. 2024 ఆగస్టు 31వ తేదీన కుండపోతగా వాన కురియగా మొగలరాజపురమున కొండరాళ్లు ఇండ్లమీద దొరలి పలువురి ప్రాణములు బలిగొన్నవి. మరునాడు బుడమేరు పొంగి సింగునగరు ప్రాంతమును ముంచివైచెను. ఆ మరునాడు బారేజివద్ద 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. ఆ కట్ట భరించుటకు ఉద్దేశింపబడినది 11.9 లక్షలు. కృష్ణ అమ్మవారి ముక్కుపుడకను తాకిననాడు యుగాంతమని మన పెద్దలు చెప్పెడి మాట ఆ రాత్రి పలువురికి జ్ఞప్తికి వచ్చియుండును. వరదను దేశమంతయు చూచినది. మొగలరాజపురపు రాళ్లను రెండుదినములలో మరచినది.

కొండవాలుమీది గుడిసెలు నగరశోభకు కళంకమనియు, వానిని తీసివేసి తోటలు వేయవలయుననియు కొందరు సుందరీకరణప్రియులు వాదించుచుందురు. ఈ వాదమును మేము అంగీకరింపము. ఏబదియేండ్లుగా పన్నులు గైకొని, దీపములు, కుళాయిలు ఇచ్చి, ఓట్లు వేయించుకొని నేడు ‘మీరు చూపునకు అడ్డము’ అనుట న్యాయము కాదు. నిజముగా అపాయమైన చోటనుండి తరలింపవలసివచ్చిన, పని దొరకు దూరములోనే ఇల్లు చూపి తరలింపవలయును. మిగిలినచోట్ల కొండను నిలబెట్టవలయును. వాన నీరు పోవుటకు కాలువ, వదులురాయికి ఇనుపవల, వాలునకు రాతిగోడ: ఇవి గొప్ప శాస్త్రరహస్యములు గావు. హాంగ్‌కాంగు నగరములో 1972 జూను 18వ తేదీన ఒక్కదినముననే రెండుచోట్ల చరియలు విరిగి 138 మంది మరణించిరి. 1976లో మరల అట్టి విపత్తు కలిగినది. 1977లో అచ్చటి ప్రభుత్వము వాలుల రక్షణకే ప్రత్యేకశాఖ నేర్పరచినది. మనుష్యులు కోసిన వాలులు, కట్టిన గోడలు సుమారు 60 వేలకు నేడచ్చట ఒక్కొక్కదానికి ఒక సంఖ్య, ఒక చరిత్రపత్రము, బాధ్యుడైన యజమాని గలరు. బెజవాడలో అన్ని వాలులుండవు. ఉన్నవానికైనను సంఖ్యలు వేసి, ఏది యెవరిదో, ఎప్పుడు పరీక్షించిరో వ్రాసి, ఆ పట్టికను ప్రజలు చదువుకొనునట్లు ప్రకటించుటకు అడ్డమేమి?

రాతి త్రవ్వకముల మాటయు చెప్పవలసియున్నది. రోడ్లకు కంకర కావలయును, ఇండ్లకు పునాదిరాయి కావలయును, కాదనము. ఆనకట్టకే యీ కొండలు రాయి యిచ్చినవని పైన చెప్పితిమి. అది లక్షల ఎకరములకు నీరిచ్చిన రాయి. నేడు లారీకింతయని పోయెడి రాయి యెవరికేమి యిచ్చుచున్నది? కొండపల్లి అడవిలో అక్రమముగా త్రవ్విరను అభియోగము 2021లో పెద్ద రాజకీయ వివాదమై, ఒకరినొకరు తిట్టుకొనుటతో ముగిసినది. బుడమేరు పుట్టుక ఆ కొండలవైపే గదా. అచ్చటి చెట్టు పోయిన, మన్ను కదలిన, ఫలము దిగువనున్న సింగునగరు అనుభవించును. నగరమునుండి కనబడు కొండలలో, ఏ పార్టీవారి దైనను సరే, క్రొత్త క్వారీకి అనుమతి యీయరాదు.

కొండలను ప్రజల సొత్తుగా నుంచుట మనకు మాత్రమే తోచిన వింత కాదు. ఎడింబరో పురపాలకులు కాల్టన్ కొండను 1724లోనే కొని ఊరివారి విహారమునకు విడిచిరి. పుణ్యపట్టణమున తెల్లవారుజామున పర్వతి మెట్లెక్కు వృద్ధులను చూచినవారు మన పాఠకులలో నుందురు. అది వారికి వ్యాయామశాలయు, సభామందిరమును. బెజవాడలో అట్టి అలవాటు పెరుగవలె ననిన మెట్లు, చేతిపట్టు కమ్ములు, త్రాగునీరు, నీడ, దీపము, స్త్రీలకు మరుగుదొడ్డి యుండవలయును. రోప్‌వేలు, గాజువంతెనలు తరువాతి మాట. సందర్శకుడెక్కు మెట్లు, కొండమీది కాపురస్థుడెక్కు మెట్లు ఒకటియే యగునట్లు వేసిన, ఒక ఖర్చుతో రెండు పనులగును. నీళ్లబిందెతో ఎక్కెడి ఆడుబిడ్డకు సుఖము, చూడవచ్చినవానికి దారి. ప్రవేశరుసుము పేదవానిని ద్వారమువద్ద నిలిపివేయునంత యుండరాదు.

గుంటూరువైపు బాధ్యతయు తక్కువ కాదు. ఉండవల్లి, సీతానగరము, తాడేపల్లి, మంగళగిరి కొండలు మన జిల్లావి. మంగళగిరి–తాడేపల్లి నగరపాలకసంస్థ 2021లో ఏర్పడినది. క్రొత్త సంస్థ కనుక పాత తప్పులు దానికింకను అలవాటు కాలేదనుకొందము. గుహలయెదుట, కొండల అడుగున ఎంత యెత్తువరకు కట్టడములు లేవవచ్చునో ఇప్పుడే నిర్ణయించి పటముమీద గీత గీయవలయును. మేడలు లేచిన తరువాత గీసిన గీత కోర్టులో చెరిగిపోవును. ఆ ప్రాంతమున భూములు గల మన పాఠకులు కొందరికి ఈ మాట రుచింపదని యెరుగుదుము. ఎదుట నది కనబడుటవలననే తమ భూమికి ధర వచ్చినదని వారు ఒక్కమారు తలపోయగోరుచున్నాము.

2016 ఆగస్టులో జరిగిన కృష్ణాపుష్కరములు మరల 2028లో రానున్నవి. ఘట్టములు కట్టుదురు, రోడ్లు వెడల్పుచేయుదురు, కొండలకు రంగుదీపములు చుట్టుదురు. వీనికి ద్రవ్యము దొరకక మానదు. అందులో మొదటి భాగము మొగలరాజపురము, చిట్టినగరు, గుణదల వాలులకు ప్రత్యేకింపవలయునని ప్రభుత్వమువారిని, ఉభయ నగరపాలకసంస్థలవారిని కోరుచున్నాము. వాలుల పట్టిక పుష్కరములకు ముందటి వానకాలము నాటికే ప్రకటింపవలయును. దానికి వలసిన ఇంజనీర్లు బెజవాడలోను, గుంటూరులోను ఉన్నారు, కళాశాలలు ఉన్నవి, కావలసినది ఉత్తరువు మాత్రమే.