విడిపించి రైలెక్కిస్తే పనైపోదు

వానాకాలం కోతలు ముగిసేవేళకు పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడా, కాలాహండి జిల్లాల ఊళ్లలో దళారులు దిగుతారు. ఒక్క పంటతో సరిపెట్టుకునే వర్షాధార భూములవి. తరువాత పనుండదు. చేతిలో అడ్వాన్సు పెట్టి, ఆలుమగలను, పిల్లలను మన రెండు తెలుగు రాష్ట్రాల ఇటుక బట్టీలకు తోలుకొస్తారు. అప్పు తీరిందని యజమాని చెప్పేదాకా కదలడానికి లేదు. 2013 డిసెంబరులో అడ్వాన్సు తగాదాలో కాలాహండికి చెందిన ఇద్దరు కూలీల చేతులు నరికేశారు. దీన్ని వలస అందామా? ఇది మనుషుల అక్రమ రవాణా.

చట్టాలు లేక కాదు. రాజ్యాంగం 23వ అధికరణ మనుషుల వ్యాపారాన్ని, వెట్టిని నిషేధించింది. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఆ అప్పులను రద్దు చేసింది. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకోవడమూ వెట్టేనని 1982లో సుప్రీంకోర్టు తేల్చింది. 2016 కేంద్ర పథకం కింద విముక్తి పొందిన పురుషుడికి లక్ష రూపాయలు, స్త్రీలకు, పిల్లలకు 2 లక్షలు రావాలి.

కానీ ఆ పూర్తి సొమ్మును నేరం రుజువు కావడానికి ముడిపెట్టారు. కేసు ఇక్కడ, సాక్షి ఒడిశాలో. వాయిదాలకు రానుపోను ఖర్చెవరిస్తారు? విడుదల పత్రమైనా ఇవ్వకుండా రైలెక్కించి చేతులు దులుపుకుంటే కేసూ నిలవదు, సాయమూ అందదు. మరుసటి ఏడు అదే గుమ్మం ముందు అదే దళారి. రాష్ట్ర సరిహద్దు దళారికి అడ్డం కాదు, అధికారులకే అడ్డం!

ఇంకో మాట, చేదుగానే ఉంటుంది. బట్టీలు నడిపేవారిలో, వాటికి మట్టి అమ్మేవారిలో మన రైతులూ ఉన్నారు. అక్కడ ఇటుక కోసేవాడూ అరెకరం, ఎకరం ఉన్న రైతే. మేస్త్రీల వెంట బొంబాయికి, పూణెకు మట్టి పనికి పోయిన పాలమూరు బిడ్డల కష్టం మనకు తెలియనిదా? గిట్టుబాటు ధర కోసం కొట్లాడే మనం ఈ కూలీల వేతనం దగ్గర నోరు మూసుకుంటే మన పోరాటానికి విలువేముంటుంది?

అందుకే మన డిమాండ్లు ఇవి. విడిపించిన రోజే విడుదల పత్రం, పథకంలో ఉన్న 30 వేల వరకు తక్షణ సాయం ఇవ్వాలి. దళారుల వివరాలు మూడు రాష్ట్రాలూ పంచుకోవాలి. బాధితులు సొంత జిల్లా కోర్టు నుంచే వీడియో ద్వారా సాక్ష్యం చెప్పే వీలుండాలి. సొంతూళ్లో ఉపాధి, రేషను గ్యారంటీ కావాలి. 1976 చట్టం చెప్పిన జిల్లా, డివిజన్ నిఘా కమిటీలు క్రమం తప్పక సమావేశం కావాలి.

ప్రభుత్వాలు కదిలేదాకా ఆగొద్దు. ప్రతి గ్రామ శాఖ తన ఊరి బట్టీకి వెళ్లి కూలీలతో మాట్లాడాలి. వెట్టి కనిపిస్తే కలెక్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆ యజమాని మన సభ్యుడైనా సరే.