చేతికీ కావాలి శిక్షణ
పాశమైలారం పారిశ్రామికవాడలో 2025 జూన్ 30న సిగాచీ కర్మాగారంలో జరిగిన పేలుడు 40 మందికి పైగా ప్రాణాలు తీసింది; ఇకనైనా భద్రతా శిక్షణను హాజరుపట్టీలో సంతకంతో సరిపెట్టకూడదు. శిక్షణలో వాడే వర్చువల్ రియాలిటీ (వీఆర్) హెడ్‌సెట్ వాల్వును చూపిస్తుంది గానీ, బిగుసుకుపోయిన వాల్వును పట్టి తిప్పేటప్పుడు వేళ్ల మీద పడే ఒత్తిడిని చూపలేదు. అందుకు వేళ్లను ఎదురు నెట్టే హాప్టిక్ గ్లౌజు కావాలి. ఊరికే వణకడమైతే సెల్‌ఫోనూ వణుకుతుంది. ఒడిశా, బిహార్ల నుంచి వచ్చిన కార్మికుడికి తెలుగు బోర్డు కన్నా చేతికి అలవాటైన పాఠమే అక్కరకొస్తుంది. ఖరీదంటారా? కంపెనీకొకటి అక్కర్లేదు, పారిశ్రామికవాడకు ఒక కేంద్రం చాలు. సాయానికి కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉండనే ఉంది. యంత్రమే పాతదైతే శిక్షణేం చేస్తుందన్నది న్యాయమైన ప్రశ్న. కాబట్టి గ్లౌజులు చూపించి తనిఖీలు తప్పించుకునే యాజమాన్యాల లైసెన్సు ఆపాల్సిందే.