మూడో అంపైర్ లేని మైదానం



ఐపీఎల్ ప్లేఆఫ్స్ వచ్చాయంటే మన యౌవనస్థుల కూటంలో పాటల కంటే ముందు అంపైర్ల సంగతే మొదలవుతుంది. "అయ్యగారూ, అది నాటౌట్ కదా, మీరే చెప్పండి" అని నన్ను కూడా మధ్యలోకి లాగుతారు. సరదాగా ఉన్నంతసేపు నాకేమీ అభ్యంతరం లేదు. కానీ మొన్న ఇద్దరు తమ్ముళ్ళు ఇదే వాదనలో మాటా మాటా పెంచుకుని, ఆదివారం పక్కపక్కన కూర్చోవడం మానేశారు. అందుకే ఈ వారం దీని గురించి రాస్తున్నాను.

వాళ్ళ గొడవ కొత్త మ్యాచ్ గురించి కూడా కాదు. 2024 మే 22న అహ్మదాబాద్‌లో రాజస్థాన్, బెంగళూరు ఆడిన ఎలిమినేటర్ గురించి. ఓడినవాళ్ళు ఇంటికి పోవాలి, గెలిచినవాళ్ళు మన హైదరాబాద్ జట్టుతో ఆడాలి. అవేశ్ ఖాన్ బంతికి దినేశ్ కార్తీక్ ఎల్బీడబ్ల్యూ అని అంపైర్ వేలెత్తాడు. కార్తీక్ రివ్యూ అడిగాడు. తెర మీద అల్ట్రాఎడ్జ్ గీత కదిలింది. బంతి బ్యాటుకు తగిలిందని మూడో అంపైర్ నాటౌట్ ఇచ్చాడు. కాదు, బ్యాటే ప్యాడుకు తగిలిందని చాలామంది అన్నారు. చివరికి రాజస్థాన్ 4 వికెట్ల తేడాతో గెలిచింది. అందరూ చూసింది ఒకే వీడియో. అయినా ఎవరికి కావలసింది వాళ్ళకు కనబడింది.

నేను రివ్యూ వద్దనేవాణ్ణి కాదు. 2008 జనవరిలో జరిగిన సిడ్నీ టెస్టు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన లక్ష్మణ్ సెంచరీ కొట్టిన మ్యాచ్ అది. సైమండ్స్ 30 పరుగుల దగ్గర ఉన్నప్పుడు బంతి బ్యాటుకు తగిలింది, ధోనీ పట్టాడు, అంపైర్ ఔటివ్వలేదు. సైమండ్స్ 162 కొట్టి నాటౌట్‌గా మిగిలాడు. బంతి తగిలిన మాట నిజమేనని తర్వాత అతనే చెప్పాడు. మనం ఓడిపోయాం. అలాంటి పొరపాటును సరిదిద్దే మార్గం ఉన్నప్పుడు వాడుకోవలసిందే. ముఖ్యంగా ఓడితే ఇంటికే అనే ఆటలో.

అయితే రివ్యూ అన్నిటినీ తేల్చలేదు. ఎల్బీడబ్ల్యూలో ప్యాడు అడ్డు లేకపోతే బంతి ఎటు పోయేదో కంప్యూటర్ అంచనా వేస్తుంది. బంతిలో సగం కంటే తక్కువ భాగమే వికెట్లకు తగిలేలా ఉంటే, అంపైర్ మొదట చెప్పిందే నిలుస్తుంది. దీన్నే 'అంపైర్స్ కాల్' అంటారు. మన పిల్లలు దీని మీద మండిపడతారు. నాకు మాత్రం అది న్యాయంగానే తోస్తుంది. ఖచ్చితంగా తెలియని చోట యంత్రం కూడా ఒక అడుగు వెనక్కి వేస్తోంది. మనమే వెయ్యడం లేదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు తెలిసిన సంగతి ఒకటుంది. వాళ్ళ ఫుట్‌బాల్‌లో బంతి చేరకముందే దాన్ని అందుకోబోయే ఆటగాణ్ణి ఢీకొనకూడదు. 2019 జనవరి 20న న్యూ ఆర్లీన్స్‌లో, గెలిస్తే ఫైనల్‌కు వెళ్ళే ఆట చివర్లో, సరిగ్గా అదే జరిగింది. రిఫరీలు ఫౌల్ ఇవ్వలేదు. సొంత ఊళ్ళోనే సెయింట్స్ జట్టు ఓడిపోయింది. జనం గగ్గోలు పెట్టారు. ఆ ఏడాది ఇలాంటి ఫౌళ్ళకు కూడా రివ్యూ పెట్టారు. ఒక్క సీజన్ తిరిగేసరికి ఆ రూలే తీసేశారు. ఎంత తగిలితే తప్పు అన్నది మళ్ళీ మనిషే చెప్పాలి. వీడియోను ఎంత నెమ్మదిగా తిప్పినా ఆ చిక్కు పోదు.

మరి నిజం ముందుగా ఎవరికి తెలుస్తుంది? చాలాసార్లు బ్యాటు పట్టుకున్నవాడికే. 2003 మార్చి 18న పోర్ట్ ఎలిజబెత్‌లో ప్రపంచకప్ సెమీఫైనల్. అరవింద డిసిల్వా బంతికి క్యాచ్ కోసం శ్రీలంక అప్పీలు చేసింది. అంపైర్ ఔటివ్వలేదు. గిల్‌క్రిస్ట్ మాత్రం తనంతట తానే పెవిలియన్‌కు నడిచి వెళ్ళాడు. అదే గిల్‌క్రిస్ట్ 2009లో మన డెక్కన్ చార్జర్స్‌కు ఐపీఎల్ కప్పు తెచ్చాడు. సైమండ్స్ కూడా అదే జట్టులో ఆడాడు. అంపైర్ ఔటివ్వనప్పుడు నిలబడటం రూలు ప్రకారం తప్పు కాదు. కానీ మన పిల్లలు ఎవరిని చూసి నేర్చుకోవాలంటే, నడిచి వెళ్ళినవాణ్ణి చూసి అంటాను.

ఇక నా సంగతి. క్రిస్మస్ సెలవుల్లో మన పిల్లలకూ పక్క ఊరి పిల్లలకూ పెట్టిన ఫైనల్లో నేనే అంపైర్ని. చివరి ఓవర్లో కీపర్ క్యాచ్ పట్టాడు. స్పీకర్ల మోతలో నాకేమీ వినబడలేదు, నాటౌట్ అన్నాను. ఆ అబ్బాయే ఆట గెలిపించాడు. పక్క ఊరివాళ్ళు చెయ్యి కూడా కలపకుండా వెళ్ళిపోయారు. రెండు వారాల తర్వాత ఆ అబ్బాయి వచ్చి, "అయ్యగారూ, బంతి తగిలింది, నిద్ర పట్టట్లేదు" అన్నాడు. ఇద్దరం కప్పు తీసుకుని ఆ ఊరికి వెళ్ళాం. పొరపాటు నాది అని నేను చెప్పాను, తగిలిందని వాడు చెప్పాడు. వాళ్ళు కప్పు తీసుకోలేదు. టీ ఇచ్చి, వచ్చే ఏడాది మళ్ళీ ఆడదాం అన్నారు.

నాతాను చెప్పిన కథ విని దావీదు ఆ ధనవంతుడి మీద క్షణంలో తీర్పు చెప్పేశాడు. ఆ మనిషివి నువ్వేనని ప్రవక్త అన్నప్పుడు మాత్రం అడ్డం వాదించలేదు, ఒప్పుకున్నాడు. ఇతరుల తప్పును పదిసార్లు తిప్పి చూసే మనం మన తప్పును ఒక్కసారైనా చూస్తున్నామా? పొలం గట్టు జరిపిన చోట కెమెరా లేదు. అన్నదమ్ముల పంపకంలో మూడో అంపైర్ రాడు. అక్కడ తగిలిందో లేదో మనకే తెలుసు.

కాబట్టి ఆటలు చూడండి, మన జట్టు కోసం అరవండి, రివ్యూ మీద వాదించుకోండి. వాదన ఆటతోనే ముగియనివ్వండి. తమ్ముళ్ళూ, ఈ ఆదివారం మీ ఇద్దరి కోసం ముందు వరుసలో ఒకే బెంచీ ఖాళీగా ఉంచుతున్నాను.