తరగతి జరగని చదువు

పిల్లలూ!

జగిత్యాల నుంచి ఎనిమిదో తరగతి చదివే ఒక అబ్బాయి నాకు ఉత్తరం వ్రాశాడు. "సారూ! మా బడిలో కబడ్డీ బాగా ఆడే అన్నకు లెక్కల్లో ఏడు మార్కులు తక్కువ వచ్చాయి. ఆ ఏడూ కలిపేస్తే జిల్లా పోటీలకు పోయి బడికి పేరు తెస్తాడు గదా! అందులో తప్పేమిటి?" అని అడిగాడు.

దీనికి జవాబు చెప్పే ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. అది గొప్పగా చెప్పుకోదగ్గది కాదు, అయినా చెబుతాను.

1991లో నేను అప్పటి ఆదిలాబాదు జిల్లాలో, గోదావరి ఒడ్డున ఒక పల్లెలో పనిచేస్తున్నాను. తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. వాడు కూతకు పోయాడంటే అవతలి జట్టులో ఒకరిద్దరినైనా తాకకుండా తిరిగి వచ్చేవాడు కాదు. నలుగురు కలిసి పట్టుకున్నా చేపలాగా జారిపోయేవాడు. ఆటల పోటీలు అయ్యేదాకా రెండు నెలలు వాడు తరగతిలో కూర్చోలేదు. పొద్దున సాధన, సాయంత్రం సాధన, మధ్యాహ్నం చెట్టుకింద నిద్ర. హాజరుపట్టీలో వాడు వచ్చినట్టు నేనే గుర్తు పెట్టాను. అర్ధ సంవత్సర పరీక్షలో తెలుగు కాగితం తెల్లగా ఇచ్చిపోతే 35 మార్కులు వేశాను. మండలం పోటీలలో కప్పు మాకే వచ్చింది. డప్పులతో ఊరేగించారు. నా మెడలో కూడా ఒక దండ పడింది.

పది పన్నెండేళ్ళు గడిచాయి. నేను కరీంనగరు వైపు బదిలీ అయి ప్రధానోపాధ్యాయుడినైనాను. ఒకనాడు బ్యాంకులో ఎవరో వచ్చి నా కాళ్ళకు మొక్కారు. చూస్తే వాడే! "సారూ, గీ కాయితం జర నింపిస్తరా?" అని డబ్బు తీసే చీటీ చేతిలో పెట్టాడు. తన పేరు మాత్రం బొమ్మ గీసినట్టు మెల్లగా తానే గీశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. పైగా బయటికి తీసుకుపోయి చాయ తాగించాడు. ఆ చాయ నాకు ఈనాటికీ గొంతు దిగలేదు.

ఇటువంటి పనులు మారుమూల బడులలోనే జరుగుతాయని అనుకునేవాణ్ణి. కాదని తరువాత తెలిసింది.

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలో చాపెల్ హిల్ అనే ఊరు ఉన్నది. అక్కడి విశ్వవిద్యాలయం 1795లోనే తలుపులు తెరిచింది. బాస్కెట్‌బాల్ ఆటలో దానికి గొప్ప పేరు. ఆ దేశంలో కళాశాల జట్టులో ఆడాలంటే చదువులో ఇంత స్థాయి ఉండాలని నియమం. ఆటకు జీతం ఇవ్వడానికి ఆ రోజుల్లో వీలులేదు. వేలాది మంది టిక్కెట్లు కొని చూసే ఆటకు ఆటగాడికి ముట్టే కూలి చాలావరకు చదువే.

ఆ విశ్వవిద్యాలయంలో ఒక శాఖలో 1993 నుంచి 2011 దాకా కొన్ని తరగతులు జరిగాయి. జరిగాయి అనడం కూడా తప్పే! గది లేదు, గంట లేదు, పాఠం చెప్పే గురువు లేడు. చివర ఒక వ్యాసం ఇస్తే చాలు. చాలా ఏళ్ళు దానికి మార్కులు వేసింది కూడా ఆచార్యుడు కాదు, కార్యాలయంలో పనిచేసే ఒక ఉద్యోగిని. వ్యాసం ఎట్లా ఉన్నా మంచి మార్కే పడేది. 3,100 మందికి పైగా విద్యార్థులు ఇట్లా గట్టెక్కారు. వారిలో దాదాపు సగం మంది ఆటగాళ్ళు. ఆమె చదువులో తంటాలు పడే పిల్లలమీద జాలితో ఈ పని చేసిందని 2014లో వచ్చిన విచారణ నివేదిక చెప్పింది. హాజరుపట్టీ ముందు కూర్చున్ననాడు నాకూ అట్లాంటి జాలే కలిగింది, పిల్లలూ.

2009లో ఆమె ఉద్యోగం విరమించింది. అప్పుడు ఆటగాళ్ళ చదువు చూసే సలహాదారులు ఫుట్‌బాల్ శిక్షకులను పిలిచి, తరగతికి పోనక్కరలేని, మేలుకొని ఉండనక్కరలేని చదువులు ఇకమీదట ఉండవని హెచ్చరించారట! పాఠం పోయిందన్న దిగులు కాదది, వాటం పోయిందన్న దిగులు.

మరి శిక్ష పడిందా? 2015లో, గుర్తింపు ఇచ్చే సంస్థ ఒకటి ఆ విశ్వవిద్యాలయాన్ని ఒక ఏడాదిపాటు పరిశీలనలో ఉంచింది. ఆటల నియమాలు చూసే జాతీయ సంఘం 2017 అక్టోబరులో తీర్పు చెప్పింది. ఆ తరగతులు ఆటగాళ్ళకే కాక మిగతా విద్యార్థులకూ అందుబాటులో ఉన్నాయి గనుక, అవి ఆటగాళ్ళకోసమే ప్రత్యేకంగా చేసిన మేలని తేల్చలేమన్నది. 2005, 2009 సంవత్సరాలలో గెలిచిన బాస్కెట్‌బాల్ కప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి. నియమంలోని అక్షరాలను సంఘం సరిగానే చదివి ఉండవచ్చు. నాకు మాత్రం ఒకడికి కాపీచీటీ ఇస్తే తప్పు, తరగతి అంతటికీ పంచితే తప్పు కాదన్నట్టు తోచింది. కూలికి వడ్లు కొలుస్తామని తాలుగింజలు కొలిచారు. కొలత సరిపోయిందని తీర్పరులు అన్నారు.

జగిత్యాల అబ్బాయీ! ఆ ఏడు మార్కులు కలిపితే కప్పు బడికి వస్తుంది, రాని లెక్క మీ అన్న దగ్గరే మిగిలిపోతుంది. మీ లెక్కల సారును అడిగి చూడండి, సాయంత్రం ఒక గంట చెప్పరా?

బ్యాంకు నుంచి వచ్చిన వారమే మా బడిలో అట్లాంటి గంట ఒకటి పెట్టాను. ఆట ముగిశాక ఆటగాళ్ళంతా వరండాలో కూర్చుని చదవాలి. పీఈటీ సారు మొదట గొణిగాడు. నెల తిరిగేసరికి ఎక్కాలు అప్పజెప్పించుకునే పని ఆయనే పుచ్చుకున్నాడు. మంచి కూతగాడు ఒకడు ఆ ఏడు వెనుకబడ్డాడు, పోటీలకు పంపలేదు. వాడి తండ్రి వచ్చి నన్ను నలుగురి ముందు నిలదీశాడు. మేము మొదటి ఆటలోనే ఓడిపోయాము.

మరుసటి ఏడు పోటీలకు పంపమని వాడు తన చేత్తో దరఖాస్తు వ్రాసి తెచ్చాడు. 'కబడ్డీ'లో ఒత్తు మరిచిపోయాడు. దిద్ది సంతకం చేశాను.