చూరు కింద మనుషులున్నారు

గోడ అవతల మూడంతస్తుల డాబా. దాని శ్లాబు అంచు నుంచి అడుగున్నర పొడవున బయటికొచ్చిన పీవీసీ గొట్టం. వానొస్తే మేడ మీది నీళ్లన్నీ అందులోంచి దూకి, ఇవతలి పెంకుటింటి మీద ఒకేచోట పడతాయి. గూనపెంకులు జారిపోయాయి. కింద తాటివాసం నల్లబడి, వేలితో నొక్కితే దిగబడుతోంది. ఆ ఇంట్లో ఉండేది నాకు వరసకు పిన్ని, ఒక్కర్తే. అర్జీ పట్టుకెళితే ఆఫీసులో ఇచ్చిన సలహా: "పాత ఇల్లు కదండీ, పడగొట్టి డాబా వేసేసుకోండి!"

ఆవిడ అడిగింది సలహానా?

ఇది ఒక్క పిన్ని గోడు కాదు. అమలాపురం సందుల్లో, రాజోలులో, కొత్తపేటలో పెంకుటిల్లు మిగిలిన వీధి ఏదైనా సరే, ఒకసారి తలెత్తి చూడండి.

రూల్సు లేకనా? 2017లో జీవో 119తో ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్ వచ్చాయి. పంచాయతీలకు 2002 నుంచే వేరే రూల్సున్నాయి. స్థలాన్నీ ముందున్న రోడ్డునీ బట్టి ఎత్తు, ఎత్తును బట్టి చుట్టూ వదలాల్సిన ఖాళీ. జాతీయ భవన నియమావళి చూరునూ వదల్లేదు. ఏటవాలు కప్పున్న గదికి సగటు ఎత్తు 2.75 మీటర్లు, చూరు కింద 2.4 మీటర్లు ఉండాలంది. ఇంటి ఎత్తు ఎక్కడిదాకా కొలవాలో కూడా చెప్పింది: ఏటవాలు కప్పయితే బయటి గోడ కప్పును కలిసే చోటిదాకా. వదిలిన ఖాళీలోకి సన్‌షేడ్ ముప్పావు మీటరు మించి రాకూడదంది. కొలిచేవాడేడీ?

మన పాత ఇళ్ల చూరు ఈ 2.4 మీటర్ల కంటే కిందికే ఉంటుంది, నిజమే. గాలివానకు నిలవాలని పెద్దలు దించి కట్టారు. 1996 నవంబరు 6 రాత్రి, తుపాను విరుచుకుపడ్డప్పుడు, కోనసీమలో ఉన్నవాళ్లకు ఆ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. మండువా లోగిలి కట్టినవాళ్లు కప్పు మీది నీళ్లు సగం తమ నడిమింట్లోకే దింపుకున్నారు, మిగతా సగానికి గోడ బయట సొంత జాగా వదిలారు. పక్కవాడి మీద పోయలేదు.

చట్టం చెప్పేదీ అదే. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం మొదటినుంచీ మద్రాసు ప్రెసిడెన్సీకి, అంటే మన గోదావరి జిల్లాకీ వర్తించింది. మన చూరునీళ్లు పక్కవాడి జాగాలో పడాలంటే వాడు హక్కు రాసివ్వాలి, లేదా ఇరవయ్యేళ్లు అడ్డూ ఆపూ లేకుండా సాగాలి. నిన్నగాక మొన్న బిగించిన గొట్టానికి ఏ హక్కుంది?

శ్లాబు పోత గుట్టుగా జరిగే పనా? మిల్లర్ మోత వీధంతా వినిపిస్తుంది. 2019లో సచివాలయాలు పెట్టి, వార్డుకో ప్లానింగ్ కార్యదర్శినీ ఊరికో ఇంజనీరింగ్ అసిస్టెంటునీ వేశారు. వాళ్ల చెవులకే ఆ మోత ఆనదు. మూడో అంతస్తు లేచాక నోటీసొకటి వస్తుంది. అదీ ఎవరైనా గట్టిగా అరిస్తేనే.

అంతకంటే మండేది ఇంకోటుంది. 2007 చివర్లో, 2015లో, మళ్లీ 2019లో అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ పథకాలు పెట్టారు. రూలు ప్రకారం గజం జాగా వదిలినవాడు వెర్రివాడయ్యాడు. ఆ గజం మింగినవాడు రుసుము కట్టి పెద్దమనిషయ్యాడు. ఆ రుసుము ఖజానాకు చేరింది. వాసం పుచ్చిన ఇంటికి అందులోంచి ఒక్క రూపాయైనా వచ్చిందా? తప్పు జరిగింది పొరుగువాడికి, పరిహారం ముట్టింది సర్కారుకి. ఇదెక్కడి న్యాయం?

అందుకే చెబుతున్నాను, పక్క స్థలంలో పునాది తవ్వుతున్నారంటే మొహమాటపడి ఊరుకోకండి. మంజూరైన ప్లాన్ నకలు కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎంత ఎత్తుకు అనుమతి ఉందో, మీ గోడవైపు ఎంత వదలాలో రాతపూర్వకంగా అడగండి. పిల్లర్లు లేచేలోపే అడగండి. ఆలస్యం చేస్తే చేతిలో పెట్టేది ప్లాన్ కాదు, క్రమబద్ధీకరణ రసీదు.